నాయనమ్మ మడి చీర... పోలండ్ వాళ్ళ పోటీ

మా చిన్నప్పుడు... ఆదివారం భోజనాలయ్యాక నాన్నగారు ముందుగదిలో రేడియో ముందు కూర్చుని ఒకే మాట పదే పదే పలుకుతుంటే ఇల్లంతా వినిపించేది. అది పాటలు వచ్చే రేడియో కాదు. మనం ఇక్కడ మాట్లాడితే ఎక్కడో దూరదేశంలో ఇంకొకరు విని జవాబు చెప్పే రేడియో... హామ్ రేడియో అంటారు. నాన్నగారు అమలాపురంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసేవారు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సెట్టు తనే బిగించుకున్నారు. ఆయన పదే పదే పలికేది తన కాల్ సైన్... అంటే గాలిలో ఆయన పేరు.

ఏడాదికోసారి పోలండ్ వాళ్ళు ఒక పోటీ పెట్టేవారు. ఆ పోటీలో మిగతా దేశాలవాళ్ళంతా పోలండ్ వాళ్ళతోనే మాట్లాడాలి. తర్వాత ఎవరెవరితో మాట్లాడారో రాసి పోస్టులో పంపాలి. మనం రాసింది అటువైపు మనిషి కూడా రాస్తేనే లెక్క. కొన్ని నెలలకి ఫలితాలు చిన్న పుస్తకంగా అచ్చువేసి పంపేవారు.

ఆ ఫలితాల్లో ఒక్కసారి తన కాల్ సైన్ చూసుకోవాలని నాన్నగారి కోరిక. ఒక్కరు పలికినా చాలు అనేవారు.

ఆ ఏడు పోటీ రోజున ఎంత పిలిచినా ఎవరూ పలకలేదు. వాళ్ళ మాటలు మాత్రం మాకు చక్కగా వినిపిస్తున్నాయి. నాన్నగారు మీటలన్నీ తిప్పి చూసి, అనుమానం వచ్చి డాబా ఎక్కారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

మా మాటని గాలిలోకి పంపే ఏరియల్ తీగ మీద నాయనమ్మ మడి చీర ఆరుతోంది...

ఆ తీగ అంత ఎత్తున ఉండేది. దాని జోలికి ఎవరూ వెళ్ళరు. మడి బట్టకి అంతకన్నా మంచి దండెం ఎక్కడ దొరుకుతుంది... స్నానం కాగానే కర్రతో ఎత్తి ఆరేసుకుంది. మబ్బు పట్టి అది ఆరలేదు. తడి చీర బరువుకి తీగ మధ్యలో కిందికి వంగిపోయింది.

"అమ్మా, ఆ చీర తీసెయ్యవే."

మా వెనకాల వచ్చిన నాయనమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. "భోంచేశాను కదరా, మడి విడిచేశాను. ఇప్పుడు నేనే ముట్టుకోకూడదు."

"కర్రతో తియ్యి."

"కర్రయితే మాత్రం, పట్టుకునేది నేనే కదా. రేపు మీ నాన్న తద్దినం... నీ ఇష్టం రా. తీస్తే తియ్యి. రేపు తడిబట్టతోనే వండుతాను. నాకేం కొత్తా."

కింద నుంచి అమ్మ అంది, "పోనీ చీర ఆరేదాకా పోటీ ఆపమని పోలండ్ వాళ్ళకి చెప్పండి."

నాన్నగారు కాసేపు ఆ చీర వంక చూశారు. కర్ర గోడకి ఆనించే ఉంది. "ఉండనీలే" అని దిగి వచ్చేశారు.

మళ్ళీ పిలవడం మొదలుపెట్టారు. "వీధి చివరికి వినపడుతోంది, వాళ్ళకి వినపడదేవిట్రా" అంది నాయనమ్మ గుమ్మంలో కూర్చుని.

దీపాలు పెట్టే వేళకి పోలండ్ ఆయన ఒకడు నాన్నగారి పిలుపు విని ఆగాడు. సగం పేరే అందినట్టుంది, మళ్ళీ చెప్పమన్నాడు. నాన్నగారు చెప్పారు. మళ్ళీ అడిగాడు. మధ్యలో వేరేవాళ్ళు గట్టి గొంతులతో దూరిపోతుంటే, వాళ్ళందరినీ ఆగమని, ఇండియా వాళ్ళు మాత్రమే మాట్లాడండి అన్నాడు. నాన్నగారు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పారు. చివరికి ఆయన నాన్నగారి పేరు మొత్తం పలికి, "ఫైవ్ నైన్" అన్నాడు.

ఫైవ్ నైన్ అంటే, మీ మాట స్పష్టంగా, గట్టిగా వినిపిస్తోంది అని. అది నాకు అప్పటికే తెలుసు.

"అన్నిసార్లు అడిగాడు కదా నాన్నా... బాగా వినిపిస్తోందంటాడేం? అబద్ధం కదా?"

"పోటీలో అందరికీ అదే చెప్తారమ్మా. ఎంత సన్నగా వినిపించినా అదే చెప్తారు."

"విసుక్కోకుండా విన్నాడు. చల్లగా ఉండాలి" అంది నాయనమ్మ.

ఆ రోజంతటికీ పలికింది ఆయనొక్కడే. మర్నాడు తద్దినం సవ్యంగా జరిగింది. నాన్నగారు ఆ ఒక్క పేరూ కాగితం మీద రాసి పంపారు. ఆయన కూడా అక్కడ రాసుకున్నాడో లేదోనని నెలల తరబడి పోస్టుమాన్ కోసం చూశారు.

ఫలితాలు వచ్చాయి. ఇండియా అన్నచోట ఒకటే కాల్ సైన్... నాన్నగారిది.

"అయితే మన దేశంలో మీరే మొదటన్నమాట" అంది అమ్మ.

"ఆఖరు కూడా నేనే" అన్నారు నాన్నగారు.

నాయనమ్మ ఆ పుస్తకానికి నాచేత కుంకుమ బొట్టు పెట్టించింది.

మేమిప్పుడు జర్మనీలో, హానోవర్‌లో ఉంటున్నాం. బేస్‌మెంట్‌లోని ట్రోకెన్‌రౌమ్‌లో, అంటే బట్టలారేసుకునే గదిలో, అందరి బట్టలూ ఒకే తీగ మీద ఆరతాయి. కింది అంతస్తులో ఒక పోలండ్ పెద్దాయన ఉన్నారు. ఆయన బాల్కనీ నుంచి ఒక సన్నని తీగ చెట్టు మీదికి వెళ్తుంది. మొన్న బట్టలు తీసుకోవడానికి వెళ్తే ఆయన ఫోన్ చూపించారు... ఆ పోటీ ఫలితాలే. పోలండ్ వాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. తన పేరు కోసం చాలా కిందికి జరిపారు.

మా అమ్మాయి చేత ఈ కథంతా జర్మన్‌లో చెప్పించాను. ఆయన శ్రద్ధగా విని ఏదో అడిగారు. మా అమ్మాయి నవ్వింది.

"మర్నాటికి చీర ఆరిందా అని అడుగుతున్నారమ్మా."

ఆరిందని చెప్పమన్నాను.

నాన్నగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఏ దేశంతోనైనా మొహం చూస్తూ మాట్లాడుకుంటున్నాం, దేవుడి దయ. కానీ ఒక్క మాట తెగితే చాలు... "వినపడట్లేదు, తర్వాత చేస్తా" అని పెట్టేస్తాం. నేనూ అంతే.

మీ మాట సన్నగా వినిపించినా, పక్కవాళ్ళని ఆగమని, మళ్ళీ చెప్పమని అడిగి విన్నవాళ్ళు మీ చిన్నతనంలో ఎవరైనా ఉన్నారా... ఉంటే ఇక్కడ రాయండి. తీరిగ్గా చదువుకుంటాను.