బీరువాదా, బియ్యం డబ్బాదా

దెయ్యాల కథ మొదలుపెట్టినవాళ్ళ నోరు మూయించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో ఫిజిక్స్ టీచరమ్మని. స్టాఫ్ రూములో ఎవరైనా మెట్ల కింద ఏదో తెల్లగా కదిలిందంటే "ఫొటో తీశారా అండి?" అని అడిగే రకాన్ని. ఆత్మలు, గాలి సోకడాలు నేనేనాడూ నమ్మలేదు. ఇప్పుడు మాత్రం నమ్ముతున్నానా అంటే, ఏమో, చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తాను. మీకు తోచింది మీరనుకోండి.

మాది జగ్గయ్యపేట. నాకు ఒక్కడే తమ్ముడు, మురళి. మేం హైస్కూల్లో ఉన్నప్పుడు మా ముందు వాటాలో సిమెంటు ఫ్యాక్టరీ ఇంజినీరు ఒకాయన అద్దెకుండేవాడు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు మా వాడి చేతిలో పెట్టి పోయాడు. అన్నీ ఇంగ్లీషు పాటలు. గిటార్లు గరగరమంటాయి, పాడేవాడు గొంతు చించుకుని అరుస్తాడు, అంతలోనే ఏడుస్తున్నట్టు గొణుగుతాడు. మొదటిసారి విన్నప్పుడు టేప్ రికార్డర్ పాడైందనుకున్నాం. దాన్ని గ్రంజ్ అంటారని, అమెరికాలో ఎప్పుడూ వాన పడే ఒక ఊళ్ళో పుట్టిందని చాలా తర్వాత తెలిసింది. అప్పటికే ఇద్దరికీ పిచ్చి ముదిరిపోయింది.

నాన్నకి ఆ గోల పడేది కాదు. పరీక్షలప్పుడు కంటపడ్డ క్యాసెట్టునల్లా పెరట్లో బావిలో పారేసేవాడు. అందుకని నాకు ప్రాణమైనదాన్ని నేను బియ్యం డబ్బాలో దాచాను. వాడికి ప్రాణమైనదాన్ని వాడు బీరువా వెనక దాచాడు. చివరికి ఆ రెండే మిగిలాయి. అప్పటి నుంచి నాది బియ్యం డబ్బాది, వాడిది బీరువాది. అసలు పేర్లు ఇక్కడ రాయను. రాస్తే ఆ పాటలు తెలిసినవాళ్ళలో సగం మంది నా మీదికి యుద్ధానికొస్తారు. ఇప్పుడు నాకంత ఓపిక లేదు.

ఆ కాలం మొత్తానికీ గొప్ప ఆల్బమ్ ఏది? ఇదీ మా గొడవ. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇద్దరికీ జుట్టు నెరిసింది. గొడవ మాత్రం తెగలేదు. వాడు పెళ్ళి చేసుకోలేదు. ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం, ఆదివారం పూట బండేసుకుని నందిగామ రావడం, నాతో పోట్లాడటం, ఇంతే వాడి లోకం.

పోట్లాడటానికి మాకో చోటు కూడా ఉండేది. హైవే పక్కన బాషా అని మా వాడి స్నేహితుడికి కార్ల స్టీరియోలు బిగించే షాపుంది. స్పీకర్లు బిగించిన కారు ఏదుంటే దాన్లో అద్దాలెక్కించుకుని ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వినాలి, మధ్యలో మాట్లాడకూడదు. ఒక్క పాట బాగుందని మొత్తానికి మార్కులు వెయ్యకూడదు. ఇవీ రూల్సు. బాషా ఓటు ఎప్పుడూ మా రెండూ కాని ఇంకో ఆల్బమ్‌కి. దాన్ని మాత్రం నేనూ మురళీ కలిసికట్టుగా కొట్టిపారేసేవాళ్ళం. అయితే బాషా ముందు మేం అసలు పేర్లతోనే మాట్లాడుకునేవాళ్ళం. బియ్యం డబ్బా, బీరువా అనేవి మా ఇద్దరివే. చెప్పుకోవడానికి కాస్త సిగ్గు కూడా.

మా వాడి గుణం ఒకటి చెప్పాలి. తప్పు మాట చెవిన పడితే ఊరుకోలేడు. ఒకసారి విజయవాడ బస్సులో వాడు నా భుజం మీద తలపెట్టి గురక పెడుతున్నాడు. బీరువాదాంట్లో మొదటి పాటకన్నా చివరి పాటే నయం అని నేను ఊరికే పైకి అన్నాను. కళ్ళు తెరవకుండానే "అబద్ధం" అన్నాడు. మళ్ళీ గురక.

ఒక సాయంత్రం గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాడి బండిని లారీ కొట్టింది. హెల్మెట్ ఉంది. అయినా తలకి లోపల దెబ్బ తగిలింది. విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో చేర్చాం. నోట్లో పైపు, వెంటిలేటరు. డాక్టరు మంచివాడే, ఏదీ దాచలేదు. "ఏదో ఒక స్పందన రావాలమ్మా. వస్తే ఆశ పెట్టుకోవచ్చు. మీరు మాట్లాడుతూ ఉండండి, వింటున్నాడో లేదో మేం చెప్పలేం" అన్నాడు.

పూటకి కాసేపు, ఒక్కళ్ళనే లోపలికి పంపేవాళ్ళు. మొదట్లో అందరిలాగే నేనూ మాట్లాడాను. నాన్నా, బంగారం, లేమ్మా, అని. ఆ మాటలు నా నోటికే కొత్తగా ఉన్నాయి. జీవితంలో వాణ్ణి ఒక్కసారి కూడా బంగారం అని పిలిచి ఎరగను. వాడి వేలు కూడా కదల్లేదు.

ఒక రోజు నాకు ఒళ్ళు మండింది. దేని మీదో తెలియదు, లారీ మీదో, దేవుడి మీదో, వాడి మీదో. వాడి చెవి దగ్గర వంగి "ఒరేయ్, నీ బీరువాది ఒట్టి చెత్తరా" అన్నాను. అన్నాక తట్టింది, ఇదే దారి అని. వీడు ప్రేమకి లేచే మనిషి కాదు, తప్పుకి లేచే మనిషి. ఇక ఆ రోజు నుంచి లోపలికెళ్ళడం, అబద్ధాలు చెప్పడం. డ్రమ్ములు రేకు డబ్బా మీద కొట్టినట్టున్నాయన్నాను. క్యాసెట్టు రెండో వైపు వింటే నిద్రొస్తుందన్నాను. పాటల వరస కావాలని తప్పు చెప్పాను.

నా ఆల్బమ్ ఊసు మాత్రం ఆ గదిలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అది తలుచుకుంటే నాకు ఏడుపొచ్చేది, ఏడిస్తే తిట్టలేను. అందుకే ఎత్తలేదు.

తిట్టినప్పుడల్లా మానిటర్ మీద ఒక అంకె కాస్త పెరిగినట్టుండేది. నర్సునడిగితే "పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి మేడం" అంది. ఒక్కసారి చూసింది రుజువు కాదని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. అయినా ఆ అంకెనే పట్టుకుని వేలాడాను.

నా పూట వదులుకుని బాషాని కూడా పంపాను. నువ్వూ తిట్టు, ఇద్దరం తిడితే పౌరుషం వస్తుంది అని చెప్పి మరీ పంపాను. వెళ్ళినవాడు వెళ్ళినట్టే బయటికొచ్చాడు. మొహమంతా తడి. "వాడు వినకపోయినా వాడి ముందు ఆ మాట అనలేకపోయా అక్కా. వాడి ఆల్బమే ఫస్టని చెప్పేసి వచ్చా" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది.

పక్క మంచం మీద చందర్లపాడు అవతలి పల్లెటూరి రైతు ఒకాయన ఉండేవాడు. డెబ్బై దాటాయి. పక్షవాతం వచ్చి స్పృహ లేదు. ఆయనకి నోట్లో పైపు లేదు, ముక్కుకి ఆక్సిజన్ మాత్రమే. ఆయన భార్య రత్తమ్మ గారూ నేనూ ఒకే వేళకి లోపలికెళ్ళేవాళ్ళం, మధ్యలో ఒక తెర. నా గోల విని ఒక రోజు ఆమె తెర పక్కకి జరిపింది.

"ఏందమ్మాయ్, చావుబతుకుల్లో ఉన్న పిల్లోణ్ణి అట్టా తిడతన్నావ్?"

సంగతి చెప్పాను. పాటల గురించి ఆమెకేం అర్థమైందో కానీ ఉపాయం మాత్రం అర్థమైంది. కాసేపు కొంగు నమిలింది. తర్వాత మొగుడి వైపు తిరిగి అందుకుంది. "ఏమయ్యో, మిరపచేను మీ తమ్ముడికి కౌలుకిచ్చేశా. గేదెల్ని కూడా తోలుకుపొమ్మన్నా. లేవకు, పడుకో!" పొలం గొడవతో అన్నదమ్ములకి మాటల్లేవట. ఆయన కనురెప్పలు అదిరాయి. నేనూ చూశాను, నర్సూ చూసింది. రత్తమ్మ గారు నా చేతులు పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. నాకు ఆమె మీద పట్టరాని కుళ్ళు పుట్టింది. నా ఉపాయం, లేచేది ఈవిడ మొగుడా అని. అవును, అలాగే అనుకున్నాను.

ఆ మర్నాడు పొద్దున. బాగా వెలుతురుగా ఉంది, డ్యూటీ మారే వేళ. నేను మామూలుగానే మురళి చెవి దగ్గర బీరువాదాన్ని తిడుతున్నాను. వెనక నుంచి "అక్కా" అని వినపడింది.

వార్డు బాయ్ అనుకుని తిరిగాను. తెర సగం తీసి ఉంది. పెద్దాయన కళ్ళు తెరిచి సూటిగా నా వైపే చూస్తున్నాడు. మూతి ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా ఉంది. గొంతు ఆ ముసలాయనదే.

"చాల్లే అక్కా. బియ్యం డబ్బాదే గొప్పది. నువ్వే గెలిచావు."

రత్తమ్మ గారు కెవ్వుమంది. "ఏ బియ్యం డబ్బా అయ్యా? అక్కంటావేంది, ఆ పిల్ల నీ కూతురు ఈడుది!" అని నవ్వుతూ ఏడుస్తూ నర్సు కోసం పరిగెత్తింది. మొగుడికి మాటొచ్చింది, ఏ మాటైతే ఏం ఆమెకి.

చిన్నప్పటి నుంచి ఆ ఒక్క మాట కోసం వాడితో కొట్టుకున్నాను. ఒప్పుకోరా, ఒక్కసారి ఒప్పుకోరా అని. ఛస్తే ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడా మాట వినగానే నాకర్థమైంది ఒక్కటే, వీడు చేతులెత్తేశాడని.

మురళి మంచం మీద పడిపోయాను. "ఒప్పుకోవద్దురా! నేను చెప్పినవన్నీ అబద్ధాలు. నీ బీరువాదే గొప్పది. మొదటి నుంచీ నాకు తెలుసు. పోట్లాడరా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని అరిచాను. నర్సులు వచ్చి నన్ను లాగారు. మానిటర్ మీద అంకె ఎక్కడిదక్కడే ఉంది.

ఆ సాయంత్రమే వాడు పోయాడు.

కర్మకాండలయ్యాక నేను చెయ్యగలిగిన విచారణంతా చేశాను. స్పృహ లేనివాళ్ళకి కూడా మాటలు వినపడతాయంటారు, పెద్దాయన నా మాటలే విని అప్పజెప్పి ఉండొచ్చు. బీరువా అన్నాడంటే ఒప్పుకుంటాను, అది రోజూ అన్నాను. బియ్యం డబ్బా అని మాత్రం నేనెప్పుడూ అనలేదు. పోనీ మతి లేక నేనే అన్నానేమోనని రత్తమ్మ గారికి ఫోన్ చేసి అడిగాను. "నీ నోట ఎప్పుడూ వినలేదమ్మాయ్. ఆ పొద్దున మా ఆయన నోటే విన్నా" అంది. బాషాని అడిగాను. "బియ్యం డబ్బా ఏందక్కా?" అని వాడు నన్నే ఎదురడిగాడు. ఇంట్లో మా ఆయనకి కూడా ఆ పేరు తెలియదు.

ఆ మధ్య ఒక ఆదివారం ఉండబట్టలేక వాళ్ళ ఊరెళ్ళాను. పెద్దాయన బాగా కోలుకున్నాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, మాట కూడా తేటపడింది. నన్ను గుర్తుపట్టలేదు. "కూర్చోండమ్మా" అని కుర్చీ చూపించాడు. ఆస్పత్రి రోజులేమైనా గుర్తున్నాయా అంటే "ఏం లేదమ్మా, నిద్రపోయి లేచినట్టే ఉంది" అన్నాడు. రత్తమ్మ గారు మజ్జిగ తెచ్చిచ్చింది.

ఆమె లోపలికెళ్ళేదాకా ఆగాను. తర్వాత, నా బుద్ధి గడ్డి తిని, ఆయన మొహంలోకి చూస్తూ "బీరువాది ఒట్టి చెత్తండి" అన్నాను.

ఆయన నా వైపు అయోమయంగా చూశాడు. "అంతేనమ్మా" అన్నాడు.

"డ్రమ్ములు రేకు డబ్బా మీద కొట్టినట్టుంటాయి" అన్నాను.

"మీరు చదువుకున్నోళ్ళు. మీరంటే అంతేలేమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఇంకా రెండు మూడు అబద్ధాలు చెప్పాను. అన్నిటికీ తల ఊపాడు. పాపం, ఆయన తప్పేముంది. మజ్జిగ తాగకుండానే లేచొచ్చేశాను. నందిగామ బస్సులో కిటికీ పక్కన కూర్చుని నలుగురూ చూస్తున్నారన్న ఇది కూడా లేకుండా ఏడ్చాను.

అది ఎలా జరిగిందో నాకు తెలియదు. నా చదువులో దానికి జవాబు లేదు, పోయే ప్రాణం పక్కవాళ్ళ నోట పలుకుతుందని గుళ్ళో పూజారి చెప్పింది నా మనసుకి ఎక్కలేదు. వాడు ఒప్పుకుంటే చాలనుకుంటూ బతికినదాన్ని, ఒప్పుకున్నాడు. నాకొద్దురా ఆ మాట, వెనక్కి తీసేసుకో అని రోజూ అంటూనే ఉన్నాను. కాదనడానికైనా వాడు లేడు.