కత్తెర టీచరు యాభయ్యో పుట్టినరోజు

ఆ బళ్ళో చిన్న తరగతుల పిల్లలకి చేతిపనులు నేర్పే టీచరుకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ, దాంతో ఆవిణ్ణి పిలిచినవాళ్ళు తక్కువ. పిల్లలు కత్తెర టీచరు అనేవాళ్ళు. విని విని తోటి టీచర్లూ అలాగే అనడం మొదలుపెట్టారు. ఆవిడ చేతిలో కత్తెర పడిందంటే కాగితం చెప్పినట్టు వినేది. నాలుగు మడతలు పెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూనే రెండు చోట్ల కత్తిరించి విప్పితే, చేతులు పట్టుకున్న బొమ్మలు బారులు తీరి నిలబడేవి. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు.

కానీ ఆవిడకి గీయడం రాదు. గుర్రం గీస్తే అది కుక్కో కుర్చీయో దేవుడే చెప్పాలి. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే గీసే చెయ్యి వేరే ఉంది. అది అక్క చెయ్యి.

అక్కంటే కాసిన్ని నిమిషాల ముందు పుట్టిన అక్క. ఇద్దరూ కవలలు. అచ్చు గుద్దినట్టు ఒకటే ముఖం, ఒకటే గొంతు. అక్క కళ్ళజోడు పెట్టుకుని పక్క పాపిడి తీసేది, చెల్లెలిది నడిమి పాపిడి. పరాయివాళ్ళకి తెలిసే తేడా అంతే. అక్క తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేసేది. దాంతో కూరగాయల కొట్టు దగ్గర జనం చెల్లెల్ని పట్టుకుని, "ఏమండీ, మా పార్సిలు ఇంకా రాలేదేం?" అని నిలదీసేవాళ్ళు. ఈవిడ తొణక్కుండా, "రేపు తప్పకుండా వస్తుందండీ" అని చెప్పేసి, ఇంటికొచ్చి ఫోను చేసేది.

"అక్కా, నీ తరఫున ఒక మాటిచ్చేశాను, చూసుకో."

"నీ నోరు పడిపోను! రేపు వాడొచ్చి నా పీక మీద కూర్చుంటాడే."

"నీ పీకేగా, నాది కాదుగా."

డిసెంబరు వచ్చిందంటే అక్కచెల్లెళ్ళకి కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. బడిలో ఏడాది చివర పిల్లల చేతిపనుల ప్రదర్శన పెట్టేవాళ్ళు. ఇద్దరి పుట్టినరోజూ ఆ నెలలోనే. అందరూ ఇళ్ళకి వెళ్ళాక అక్క ఆఫీసు నుంచి తిన్నగా బడికొచ్చి, చిన్న పిల్లల బల్ల ముందు మోకాళ్ళు మడుచుకు కూర్చుని పెన్సిలు తీసేది. ఆవిడ గీస్తే ఈవిడ కత్తిరించేది. టీచరు మొగుడు ప్రెస్సులో పనిచేస్తాడు. పుస్తకాల అట్టలు కోయగా మిగిలిన రంగు కాగితాలు కట్టలు కట్టి తెచ్చిపడేసేవాడు. అక్క కూతురు చిన్నప్పుడు ఆ బల్ల కింద దూరి జుట్టంతా జిగురు పూసుకునేది. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్క క్షణం నోరు మూసేది కాదని ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. టీచరుకి పిల్లల్లేరు. ఆ లోటు ఆవిడ ఎన్నడూ పైకి అనలేదు. పిచ్చుక ఉందిగా అనుకునేది.

ఆ ఏడు వానాకాలంలో అక్కకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రిలో చేర్చిన రెండో నాటికి మాట పడిపోయింది, ఆ వారం దాటకుండానే మనిషి పోయింది. ఆఖరి రోజుల్లో నర్సులు టీచర్ని చూసి ఉలిక్కిపడేవాళ్ళు. మంచం మీద ఉన్నావిడే లేచి వరండాలో తిరుగుతున్నట్టుండేది మరి.

తర్వాత టీచరు బడికి వెళ్ళింది, వచ్చింది, వండింది, తింది. బయటివాళ్ళకి బాగానే ఉన్నట్టు కనబడింది. అద్దంలో చూసుకోవడం మాత్రం మానేసింది. చేత్తో తడుముకుంటూ జడేసుకునేది.

డిసెంబరు మొదట్లో పెద్ద టీచరు అందర్నీ పిలిచి, "ఈసారి ప్రదర్శనకి అడవి చేద్దాం. ఏనుగులు, జింకలు, నెమళ్ళు. కత్తెర టీచరుండగా మనకేం లోటు?" అంది. టీచరు కాదనలేకపోయింది. మర్నాడు తరగతిలో అట్ట ముక్క మీద మొదటిసారి తనే గీసి, కత్తిరించి, పిల్లల ముందు పెట్టింది.

ముందు బల్ల దగ్గరున్న పిల్ల తల ఒక పక్కకి వాల్చి చూసింది. "టీచర్, ఇది పందా?"

"కాదమ్మా. ఏనుగు."

"మరి తొండం ఏదీ?"

"చలికి ముడుచుకుంది."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మంచినీళ్ళు తాగొస్తానని చెప్పి, కాగితాలు దాచే గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. అక్కడ కిందటేడు అక్క గీసి, కత్తిరించకుండా మిగిలిపోయిన చేపలున్న అట్ట ఒకటి గోడకి ఆనించి ఉంది. పొలుసు పొలుసూ గీసి ఉంది. దాన్ని వాడుకోవచ్చు. అడవిలో ఏరొకటి పెడితే సరిపోతుంది. కత్తెర తీసి పట్టుకుంది కూడా. చెయ్యి ఆడలేదు. అట్టని వెనక్కి తిప్పి గోడకి పెట్టేసి బయటికొచ్చింది.

ఆ ఆదివారం అక్కగారింటికి బయల్దేరింది. పుట్టినరోజు నాడు ఎవరినీ పిలవకూడదనీ, బావనీ పిచ్చుకనీ మాత్రం భోజనానికి రమ్మనాలనీ ఆవిడ ఆలోచన. పిచ్చుక మందుల షాపులో పనికి కుదిరాక పిన్ని ఇంటికి రావడం తగ్గించేసింది. ఫోను చేస్తే "పనుంది పిన్నీ" అని ముక్తసరిగా పెట్టేసేది. పిచ్చుక అంత తక్కువ మాట్లాడడం ఎవరూ ఎరగరు.

తలుపు బావ తీశాడు. ఆయన గూడ్సు బండి డ్రైవరు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చినట్టున్నాడు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. గుమ్మంలో ఆవిణ్ణి చూడగానే ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు ఆరిపోయింది. ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. లోపలికి రమ్మనలేదు.

"ఏమ్మా, ఇలా వచ్చావు?"

"మా పుట్టినరోజుకి..." అని నాలిక కరుచుకుంది. "నా పుట్టినరోజుకి, బావా. మీరిద్దరూ భోజనానికి వస్తారని."

ఆయన నేల చూపులు చూస్తూ అన్నాడు. "నీ తప్పు కాదమ్మా. నీకు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. కొన్నాళ్ళు ఇటు రాకు. నువ్వొచ్చినప్పుడల్లా ఆవిడ వచ్చిందనుకుంటాను. మళ్ళీ మొదట్నుంచీ పోగొట్టుకుంటాను. నావల్ల కావట్లేదు."

ఆవిడ "అలాగే బావా" అంది. తెచ్చిన పళ్ళ సంచీ గుమ్మం పక్కన పెట్టి మెట్లు దిగింది. ఏడుపు తన్నుకొస్తున్నా వీధి మలుపు దాటేదాకా ఆపుకుంది. పైన కిటికీలోంచి పిచ్చుక చూస్తోందేమోనని ఒకసారి తలెత్తింది. కర్టెన్ వేసి ఉంది.

ఇంటికొచ్చాక సంగతంతా విని మొగుడికి చర్రున కోపమొచ్చింది. "ముఖం మీదే రావద్దన్నాడా? ఏ మనిషైనా అనే మాటేనా అది? నేను వెళ్ళి అడుగుతానుండు!"

"ఏమని అడుగుతారు? నా ముఖం చూడలేకపోతున్నాడు. ముఖం మార్చుకు రాగలనా నేను? కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కాసేపు గోళ్ళ సందుల్లో సిరా గీక్కుంటూ ఉండి, "నేనూ ఒక మాట చెప్పనా? పొద్దున్నే నువ్వు అటు తిరిగి పడుకునుంటే నాకూ ఒక్కోసారి భయమేస్తుందోయ్. మీ ఇద్దరికీ అన్నీ కలిసే వచ్చాయి కదా, జలుబు దగ్గర్నుంచీ" అన్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

ప్రదర్శనకి ముందు రోజు సాయంత్రం టీచరు ఒక్కతే తరగతిలో ఉండి, తీగకి ఆకులు కడుతోంది. పిల్లలు చేసిన జంతువులు బల్లల నిండా ఉన్నాయి. ఎవరికి తోచినట్టు వాళ్ళు గీసుకోండర్రా అని వదిలేస్తే, కొన్నింటికి ఐదు కాళ్ళొచ్చాయి, ఒక నెమలికి మీసాలు కూడా వచ్చాయి. తలుపు చప్పుడైతే తిరిగి చూసింది. పిచ్చుక. చిక్కి సగమైంది. చేతిలో గుడ్డసంచీ.

"పిన్నీ, ఒకటి అడుగుతాను. కోప్పడకూడదు."

"అడుగమ్మా."

పిచ్చుక సంచీలోంచి బూడిదరంగు స్వెట్టరు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద కళ్ళజోడు పెట్టింది. రెండూ అక్కవే. "అమ్మకి యాభయ్యేళ్ళు వస్తే ఎలా ఉండేదో చూడాలని ఉంది. ఒక్క ఫొటో తీసుకుంటాను. నాన్నకి చూపించను. ఎవరికీ చూపించను."

టీచరు వద్దే, నేను మీ అమ్మని కాదే అనాలనుకుంది. ఆ పిల్ల ముఖం చూశాక ఆ మాట రాలేదు. స్వెట్టరు తొడుక్కుంది. అక్క పూసుకునే క్రీము వాసన ఇంకా పోలేదు. వేళ్ళతో పాపిడి పక్కకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుంది. లోకమంతా మసకబారింది. కిటికీ దగ్గర నిలబడి, "ఇలానా?" అంది.

పిచ్చుక ఫోను ఎత్తి చూసింది. దించింది. మళ్ళీ ఎత్తింది. "కొంచెం నవ్వు పిన్నీ."

నవ్వింది.

"అలా కాదు. అమ్మ ముందు పెదాలు బిగపట్టి, ఆపుకోలేక నవ్వేది."

మళ్ళీ ప్రయత్నించింది. పిచ్చుక తల అడ్డంగా ఊపింది. "కాదు. అమ్మ భుజం అలా పెట్టదు. చెయ్యి కూడా... కాదు పిన్నీ, అస్సలు పోలికే లేదు!" అని ఫోను బల్ల మీద పడేసి, పిల్లల కుర్చీలో కూలబడి, వెక్కి వెక్కి ఏడ్చింది. "నెలల తరబడి నీకు ఎదురుపడడానికి భయపడి చచ్చాను. నిన్ను చూస్తే అమ్మని చూసినట్టే ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే నువ్వు నువ్వే. అమ్మ ఎక్కడా లేదు."

టీచరు కళ్ళజోడు తీసి, మడిచి, పిచ్చుక ఒళ్ళో పెట్టింది. పక్కన ఇంకో చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం చెప్పి ఓదార్చాలో ఆవిడకీ తెలియలేదు. ఓదార్చేది ఎప్పుడూ అక్కే. అందుకని ఆవిడా ఏడ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఒకరి ఎదుట ఏడవడం అదే మొదలు.

చాలాసేపయ్యాక పిచ్చుక ముక్కు తుడుచుకుని అంది. "అమ్మ ఇంక నలభైతొమ్మిది దగ్గరే ఆగిపోతుంది కదా. అంటే ఇప్పుడు నువ్వు అమ్మకన్నా పెద్దదానివవుతావు."

టీచరు ఆ లెక్క అంతవరకూ వేసుకోలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చెల్లెలుగానే బతికింది. ముందు అక్క నడిచింది, ముందు అక్క బడికెళ్ళింది, ముందు అక్క పెళ్ళి చేసుకుంది. వెనకాల వెళ్ళడమే తప్ప దారి వెతుక్కునే అవసరం ఆవిడకి రాలేదు.

"అయితే నిన్నింక పెద్దమ్మా అని పిలవాలా?" అంది పిచ్చుక.

ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది. అదేమంత సంతోషంలో పుట్టిన నవ్వు కాదు, సగం దాకా వచ్చి ఆగిపోయింది. "పిలిచావంటే చెవి మెలేస్తాను" అంది టీచరు. తర్వాత ఇద్దరూ కలిసి మిగిలిన ఆకులు కట్టారు. పిచ్చుకకి ముడి వేయడం సరిగ్గా రాదు. సగం ఆకులు పొద్దుటికి రాలిపోయాయి.

ప్రదర్శన బాగానే జరిగింది. తల్లిదండ్రులు మీసాల నెమలి ముందు నిలబడి ఫొటోలు దిగారు. పెద్ద టీచరు మాత్రం పక్కకి పిలిచి, "ఏమండీ, ఈసారి బొమ్మలు కిందటేడులా లేవేం?" అని మెల్లగా అడిగింది. "గీసే మనిషి పోయిందండీ" అంది టీచరు. అప్పటిదాకా ఆ మాట బడిలో ఎవరికీ చెప్పలేదు. అక్క పోయిందని అందరికీ తెలుసు గానీ, బడికి పోయిందేమిటో ఆవేళ తెలిసింది.

పుట్టినరోజు నాడు బావ రాలేదు. పిచ్చుక వచ్చింది, మధ్యాహ్నం సెలవు పెట్టుకుని. ప్రెస్సు నుంచి వస్తూ మొగుడు చిన్న కేకు పట్టుకొచ్చాడు. దాని మీద ఏం రాయించాలో తెలియక ఏమీ రాయించలేదట. కొవ్వొత్తులు మర్చిపోయాడు. ఉత్త కేకే కోశారు. కోసేటప్పుడు ఏటా అక్క నిలబడే ఎడంపక్కన ఎవరూ నిలబడలేదు. అక్కడికి పిచ్చుక వెళ్ళబోయి ఆగిపోవడం టీచరు చూసింది. ముగ్గురూ తలా ముక్కా తిన్నారు. మిగిలింది పిచ్చుక తండ్రి కోసం కాగితంలో చుట్టి తీసుకెళ్ళింది. ఆయన తిన్నాడో లేదో ఎవరూ అడగలేదు.

కొత్త ఏడాదిలో బావ వేరే ఊరికి బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఫోను చేసి, "పిల్లని చూసుకోమ్మా" అన్నాడు. ఫోనులో ఆ గొంతు విన్నందుకే కాబోలు, అంతకు మించి మాట్లాడలేకపోయాడు. పిచ్చుక షాపుకి దగ్గరగా స్నేహితురాలితో గది తీసుకుంది. సెలవు రోజుల్లో పిన్ని ఇంటికి వస్తుంది. కొన్నిసార్లు గలగలా మాట్లాడుతుంది, కొన్నిసార్లు తిని, పడుకుని, లేచి వెళ్ళిపోతుంది. రెండూ టీచరుకి అలవాటయ్యాయి.

కూరగాయల కొట్టు దగ్గర ఇప్పటికీ ఎవరో ఒకరు ఆపుతూనే ఉంటారు. "ఏమండీ, ఈమధ్య కౌంటర్లో కనబడ్డం లేదేం?" అని. మొదట్లో అది నేను కాదండీ, మా అక్క అని మొదలుపెట్టి, చివరిదాకా చెప్పలేక అవస్థ పడేది. ఇప్పుడు, "ఆవిడ లేదండీ" అని రెండు ముక్కలు చెప్పి, బుట్ట తీసుకుని నడుస్తుంది.