నల్లరాయి రెండుసార్లు వచ్చింది

మా అక్కకు పొగరని అందరూ అంటారు. ఉంది, లేదనను. పని వచ్చిన మనిషికి ఆ మాత్రం ఉండకూడదా ఏం? కొండలో సొరంగం తవ్వే ముందు బోరు మిషను లోపలినుంచి గుండ్రటి రాతికడ్డీలు లాగుతుంది. వాటిని లోతు ప్రకారం పెట్టెల్లో సర్దే షెడ్డు అక్కది. విరిగిన ముక్కలను పగిలిన పళ్లెం అతికించినట్టు, అంచుకు అంచు కుదిరేదాకా తిప్పి తిప్పి పెడుతుంది. పెట్టె మీద టీ గ్లాసు పెడితే సూపర్‌వైజరుకైనా చీవాట్లే.

అలాంటి మనిషి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా కూలబడింది.

"రెండు బోర్ల రాళ్లూ కలిపేశానేమోనే" అంది.

జరిగింది ఇదీ. లారీలోంచి దించేటప్పుడు తాడు తెగి రెండు బోర్ల పెట్టెలూ బోర్లాపడ్డాయి. ముక్కలన్నీ ఏరి మళ్లీ సర్దింది అక్కే. తీరా చూస్తే ఒక బోరులో పైన నల్ల పలకరాయి, దాని కింద తెల్ల సున్నపురాయి, ఆ కింద మళ్లీ అదే నల్లది, మళ్లీ అదే తెల్లది. ఒకే పొర రెండుసార్లు ఎలా వస్తుంది? పక్క బోరు రాళ్లు ఇందులో దూరాయని సూపర్‌వైజరు తేల్చేశాడు. చెడ్డవాడేం కాదు పాపం. "పొరపాటైందని ఒక్క మాట అనేయండి అక్కా, సరిచేసుకుందాం" అన్నాడట.

అక్కను భయపెట్టింది పొరపాటు కాదు. కలిపినట్టు తనకు బొత్తిగా గుర్తులేకపోవడం. మా అమ్మకు మతిమరుపు సరిగ్గా ఈ వయసులోనే మొదలైంది. చివరికి మమ్మల్నే "ఎవరమ్మా మీరు?" అని అడిగేది.

ఆ రోజు నుంచి అక్క కట్టేసిన పొయ్యినే మళ్లీ మళ్లీ చూసుకునేది. కూరలో ఉప్పు వేశానా అని నన్ను అడిగేది. నాకు ఒళ్లు మండిపోయేది.

"నీకేం కాలేదు, నోర్మూసుకుని తిను!" అని అరిచాను. పైకి గయ్యాళితనం చేశానే గానీ, లోపల నాకూ అదే భయం.

రాళ్ల చదువు చదివిన పెద్ద మేడమ్ వస్తున్నారని తెలిసి అక్క నన్ను షెడ్డుకు తోడు రమ్మంది. ఆవిడ పెట్టె పెట్టెకూ వంగి, ముక్కల అంచులు కదిపి చూస్తూ వెళ్లారు. పై తెల్లరాయికీ కింది నల్లరాయికీ మధ్య ఒకచోట కడ్డీ లేదు, నలిగిన బూడిదరంగు మట్టే ఉంది.

"దీన్ని పారెయ్యలేదా?" అన్నారు.

"చెత్తలాగే ఉందండీ. కానీ అదీ కొండలోదే కదా అని ఉంచాను" అంది అక్క, దొరికిపోయిన దొంగలా.

మేడమ్ నవ్వి, గుమ్మం దగ్గరి గోనెపట్టాను కాలితో గోడవైపు తోశారు. మధ్యలో ముడత లేచింది. ఇంకా తోస్తే ఒకవైపుకు వాలింది.

"ఈ పొరలన్నీ ఒకప్పుడు చదునుగానే ఉండేవి. కోట్ల ఏళ్ల కిందట రెండు భూభాగాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే ఇలాగే ముడతలు పడి కొండలైపోయాయి. పట్టా కాబట్టి వంగింది. రాయి ఎంతకని వంగుతుంది? ఇక వంగలేక తెగుతుంది. తెగిన ముక్క రెండోదాని మీదికి ఎక్కి జారిపోతుంది, ఒక్కోసారి మైళ్ల దూరం. అక్కడ నిలువుగా బోరు వేస్తే?"

"ఓరి నాయనో!" పక్కనే ఉన్న సూపర్‌వైజరు నెత్తి కొట్టుకున్నాడు. "ఒకే పొర రెండుసార్లు తగులుతుంది!"

"ఇలా తెగి జారడాన్నే థ్రస్ట్ ఫాల్ట్ అంటాం" అన్నారు మేడమ్. " జారేటప్పుడు నలిగిపోయిన రాయే ఈ మట్టి. సొరంగం ఇక్కడికి రాకముందే తెలిసింది, లేకపోతే ఈ నలిగిన చోటే కప్పు కూలేది. బతికిపోయాం."

అక్క మనసు మాత్రం సొరంగం దాకా ఇంకా రాలేదు. "అయితే నేను కలపలేదా అండీ?"

"లేదమ్మా. అంచుకు అంచు కుదిరింది, ఏ ముక్క ఉండాల్సిన చోట ఆ ముక్కే ఉంది."

అక్క నావైపు తిరిగింది. "విన్నావుటే? అమ్మలా కాదంట. నా బుర్ర బాగానే ఉందంట!" అని భోరుమంది.

"ఉద్యోగానికేం ఢోకా లేదక్కా, ఊరుకోండి" అని సూపర్‌వైజరు ఒకటే ఓదార్పు. పిచ్చి మహానుభావుడు, ఆయనకేం తెలుసు? నేను అక్కను గట్టిగా వాటేసుకున్నాను. అమ్మ పోయాక మేమిద్దరం అంత హాయిగా ఏడ్చింది ఆ రోజే.