తల లేని చైనా అమ్మ

నిన్న ట్రంకు పెట్టె అడుగున నా చైనా బొమ్మల పుస్తకం దొరికింది. ఆ పాత కాగితం వాసన నన్ను కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, గని కూలీల వరస ఇళ్లలో మా లైను ఇంటి వాకిట్లో కూర్చోబెట్టింది.

గనిలో పనిచేసే నాన్న ఒకరోజు షిఫ్టు దిగి వస్తూ, పాత పుస్తకాల బండి మీద దాన్ని కొనుక్కొచ్చాడు. నాకప్పుడు ఆరేళ్లు. మొదటి బొమ్మలో ఒక పిల్ల బాతును ఎత్తుకుని నిలబడింది. వెనక వాళ్లమ్మ నడుము దాకానే ఉంది, ఆపైన పేజీ అయిపోయింది.

"అప్పా, నిన్ను మోసం చేసినారు! ఈయమ్మకి తల ల్యాదు!" అని ఏడుపు అందుకున్నాను.

నాన్న మోకాళ్ల మీద కూర్చుని, నా చెంపకు చెంప ఆనించి బొమ్మ చూశాడు. తర్వాత పక్కనే రాగులు చెరుగుతూ నిలబడ్డ అమ్మ వైపు చూశాడు.

"ఇంగ ఏడవద్దమ్మా. ఈడ్నించి చూడు, మీ అమ్మకీ నడుమే కనబడతా ఉండాది."

నాకా మాట నచ్చలేదు. క్యాలెండరు కాగితం మీద అమ్మ ముఖం గీసి, కత్తిరించి, రాగి గంజితో పేజీ పైఅంచుకు అంటించాను.

చైనా పాత పుస్తకాల్లో నీతులు చెప్పే పెద్దలే ఎక్కువనీ, పిల్లల కంటి ఎత్తుకు దిగి బొమ్మలు గీయడం తర్వాత వచ్చిందనీ పెద్దయ్యాక చదివాను. నాన్న అవేమీ చదవకుండానే దిగాడు.

ఆ తల ఇంకా ఊడలేదు. పుస్తకం మూయాలంటే దాన్ని లోపలికి మడవాలి. మడిస్తే అమ్మ ముఖం వంగి, సరిగ్గా ఆ పిల్ల నెత్తి మీద ఆనుతుంది.