అతికించిన తొడిమ

మాది గరిడేపల్లి. పోయినేడు మా పెంటకుప్ప మీద పాకిన బూడిద గుమ్మడి తీగకు ఒక కాయ మేకపిల్లంత పెరిగింది. అమావాస్యనాడు కోదాడలో అమ్ముదామని తొడిమ పట్టుకుని లేపాను. తొడిమ చేతికొచ్చేసింది!

తొడిమ లేని కాయను దిష్టికి ఎవరూ కట్టరు. ఐదొందలు పలికే కాయ వడియాలకని వందకు పోతుంది. మనసొప్పక గమ్ము పెట్టి అతికించాను.

కోదాడలో ఒకతను బేరమైనా ఆడలేదు. "బస్టాండు పక్కన టిఫిన్ సెంటర్ పెడుతున్నానక్కా. ఇప్పుడే గుమ్మానికి కట్టాలి," అని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుపోయాడు.

ఐదొందలు కొంగున ముడేస్తుంటే అప్పుడు తట్టింది. అంత బరువు, గుమ్మంలో జనం తలల మీద!

గంప అక్కడే వదిలి పరుగెత్తాను. నేను వెళ్ళేసరికి అతను స్టూలెక్కి తొడిమకు తాడు బిగించి కాయను వదలబోతున్నాడు. కింద అతని భార్య, చంకలో పాపతో స్టూలు పట్టుకుని నిలబడి ఉంది.

"చెల్లే, పక్కకు జరుగు! ఊడిపోతది!" అని అరిచాను.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి గెంతింది. కాయ గడప మీద పడి పగిలింది. తాడుకు తొడిమ ఒక్కటే వేలాడుతోంది.

అతను నావైపు తిరిగాడు. "ఊడిపోద్దని నీకెలా తెలుసక్కా?"

"నేనే అతికించిన తమ్మీ," అని ముడి విప్పి నోటు అతని చేతిలో పెట్టాను. ఆమె పాపను గట్టిగా హత్తుకుంది. పాప మాత్రం నన్ను చూసి నవ్వింది.

ఇప్పుడు నా కాయ ధర ఎవరడిగినా, "ముందు తొడిమ లాగి సూడు," అంటాను.