దులపని చీర

రెండువేల మూడు వేసవిలో బత్తలపల్లెలో అనంతపురం బస్సెక్కాను. పక్కసీటులో నలభై ఏళ్ల ఆవిడ. ఆమె ఒళ్లో మడతపెట్టిన ముదురు నీలం చీర, దాని నిండా తెల్లటి దుమ్ము. సాయం చేద్దామని దులపబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

“దులపద్దప్పా. నిన్న ఉతికి ఆరేసిన చీర. మా ఇంటెనక కంకర మిషను ఉండాది. కలెక్టరుకు చూపిచ్చల్ల.”

“అర్జీ రాసిస్తే సరిపోదా అక్కా?”

“మూడు ఇచ్చినా. దుమ్ము దులిపి బీరువాలో పెట్టినారు.”

“చీరకే ఇంత పౌడరు పూస్తే మీ ఊరంతా భలే తెల్లగుంటారే,” అన్నాను.

ఆమె నవ్వకుండా చేతులు చాపింది. కణుపులు వాచి వేళ్లు ముడుచుకోవడం లేదు. మగ్గం మానేసి ఏడాదయిందట.

“ఒంటికి కావలుండే శక్తే కీళ్ల మీద పడిందంట. కావలికుక్క ఇంటోళ్లనే కరిసినట్ల. దానికి పిచ్చెక్కిచ్చింది ఈ దుమ్మే కావచ్చు అన్యాడు డాక్టరు.”

“కావచ్చు అంటే కలెక్టరు ఒప్పుకుంటాడా?”

“మిషనాయప్ప కాదంటాండాడు. కాదని ఆయప్పనే రుజువు చేయమను. అంతవరకు మిషను నిలపల్ల.”

చీర మీది దుమ్ము గాలికి పోకుండా కిటికీ మూశాను. జోకు వేయకుండా ఒక పని చేయడం నాకు అలవాటు లేదు.

కలెక్టరాఫీసు రాగానే లేచింది. “టేబుల్ మీద పరచాలంటే నా వేళ్లు పట్టవు. నీకేం పన్లేనట్లుండాది. ఒక కొస పట్టుకుంటావా?”

నాకు పనుంది. అయినా దిగాను.

గుమ్మం దగ్గర నా మొహంలోకి చూసి ఒకే మాట చెప్పింది. “ఆడ నవ్వద్దప్పా. చీర కదిలితే రాలిపోతాది.”