పులస ఆకారంలో యోనా గ్రంథం

1981లో మా దినపత్రిక నన్ను రాజమండ్రి డెస్కుకు బదిలీ చేసి, సబ్ ఎడిటర్‌గా ఆదివారం పేజీ అప్పగించింది. ఆ వానాకాలం నరసాపురంలో సుందరరావు మాస్టారిని కలిశాను. బైబిలు కాలేజీలో పాస్టర్లకు హీబ్రూ నేర్పి రిటైరైన మనిషి.

మధ్యయుగాల్లో యూదు లేఖకులు బైబిలు రాతప్రతుల అంచుల్లో నువ్వుగింజకన్నా చిన్న అక్షరాలతో గమనికలు రాసేవారట. ఆ వరసలనే మెలితిప్పి సింహాలను, చెట్లను తీర్చేవారు. గీత అనిపించేదంతా రాతే. చేప కడుపులో మూడు రోజులున్న యోనా ప్రవక్త కథను మాస్టారు అదే పద్ధతిలో, హీబ్రూలో, పులస ఆకారంలో రాశారు.

"ఆయన్ని మింగిన చేప ఏదో బైబిల్లో లేదండి. మన పులసే అనుకుంటే తప్పేంటి?" అని నవ్వారు. నీటికాసులతో చూపు అప్పటికే సన్నగిల్లింది. "ఇంకోటి రాయలేను. పేపర్లో పడ్డాక కాలేజీ లైబ్రరీకి ఇచ్చేస్తాను" అంటూ కాగితం నా చేతిలో పెట్టారు.

అప్పట్లో బొమ్మ అచ్చుకావాలంటే జింకు బ్లాకు చేయించాలి. సన్నగీతలు బ్లాకులో నిలవవు కనుక ఆర్టిస్టు ముందుగా వాటిని నల్ల ఇంకుతో దిద్దుతాడు. దాన్నే రీటచింగ్ అంటాం. ఈ బొమ్మను నేరుగా బ్లాకుకు పంపమని డెస్కు ఇన్‌చార్జికి చెప్పి, సముద్రపు కోత వార్తకు ఉప్పాడ వెళ్ళాను. ఆయన మాత్రం మామూలు నియమం ప్రకారం దాన్ని ఆర్టిస్టు సత్యానికి పంపారు.

"గీతలు మరీ పీలగా, గరుగ్గా ఉన్నాయండి బాబూ. నిన్నంతా కూర్చుని నున్నగా దిద్దాను. ఇప్పుడు చూడండి, చేప ఎలా మిలమిలలాడుతోందో!" అన్నాడు సత్యం, నేను తిరిగి రాగానే. ఒక్క గీతా వదల్లేదు.

ఆ ఆదివారం మాస్టారి మీద రావలసిన వ్యాసం ఆపించి, కాగితం పట్టుకుని నరసాపురం వెళ్ళాను. జరిగింది చెప్పాను. మాస్టారు భార్యకు భూతద్దం ఇచ్చారు.

"తోక దగ్గర చూడు. ఆఖరి వచనం అక్కడుంటుంది."

"నల్లగా ఉందండి. గీతే."

"పొట్ట దగ్గర?"

"అక్కడా అంతేనండి."

"అయితే చేపే మిగిలిందన్నమాట" అన్నారాయన. లైబ్రరీ మాట మళ్ళీ ఎత్తలేదు. నన్ను కాఫీ తాగి వెళ్ళమన్నారు.

బ్లాకు మాత్రం అప్పటికే తయారైపోయింది. బ్లాకులు పారేసే అలవాటు మాకు లేదు. పులసల కాలం వస్తే వంటల శీర్షిక పక్కన దాన్నే వేసేవారు. చాలా స్పష్టంగా పడేది.

అసలు ప్రతిని ఆఫీసుకు తేవద్దని, ఫొటో తీయించి తెమ్మని తర్వాత చేరినవాళ్ళకు చెబుతూ వచ్చాను. మేము చదవలేని రాత మాకు దిద్దవలసిన గీతగానే కనిపిస్తుంది. అక్కడ నేర్చుకున్నది అదే.